నీలం బండికి నేల అందలేదు: మా పాళెం నుంచి బిట్రగుంట దాకా

నా పేరు చెంగమ్మ, నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా కోడలు సుజాత ఫోన్‌లో కొడుతోంది. యాసలో రాయాలా, పుస్తకాల్లో మాదిరి రాయాలా అని అడిగింది. నా మాట పుస్తకాల్లో మాదిరి రాయి, మనుషులు అన్నది మాత్రం అన్నట్టే రాయి అన్నాను. రాసింది మళ్లీ చదివించుకుని వింటాను కాబట్టి ఒక్క మాట మింగినా నాకు తెలిసిపోతుంది. ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, మా పాళెంలో ప్రతివాడూ ఆ ప్రయాణాన్ని తనకు తోచినట్టు చెప్పుకుంటున్నాడు. చెంగమ్మ బండిని నెల్లూరు నుంచి బిట్రగుంట దాకా తోసుకుపోయిందని ఒకడంటాడు, పెట్రోలు బంకులో దెబ్బలాడిందని ఇంకొకడంటాడు. తోసింది కిలోమీటరే. బంకులో దెబ్బలాట కాదు, మాటలే జరిగాయి. పాత బండి మీద మా తీరం వెంట బయలుదేరాలనుకునేవాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా ఇందులో ఉన్నాయి కనుక చివరిదాకా చదవండి.

మా పాళెం తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. మా మోటారు బండి పదిహేడేళ్లది. సుజాత దాని వెనక రెండు పెట్టెలు కట్టుకుని, వారానికి మూడు రోజులు వెంకటాచలం దాకా ఊళ్లు తిరిగి ఎండుచేపలు అమ్ముకొస్తుంది. నా కొడుకు మస్తానయ్య వేటకు పోయి వచ్చేది ఒక లెక్క, సుజాత బండి మీద తెచ్చేది ఒక లెక్క. ఇల్లు నడిచేది రెండో దానితోనే అని నేను పైకి అనను గానీ నాకు తెలుసు.

మా దగ్గర గాలిలోనే ఉప్పుంటుంది. తలుపు గొళ్లెం రెండేళ్లకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే మొన్న వేట నిషేధం రెండు నెలల్లో పడవకు రంగు వేసి, డబ్బాలో నీలం మిగిలితే బండికి కూడా వేశాను. అప్పుడు సుజాత పుట్టింట్లో ఉంది. వచ్చేసరికి చూసి సంతోషిస్తుందని నేనే కూర్చుని వేశాను. పైపైన పూసి వదిలే రకం కాదు నేను. పడవకు రంగేసేటప్పుడు బోల్టు తల కింద కూడా వదలం. వదిలిన చోట ఉప్పు కూర్చుని తినేస్తుంది. బండికీ అదే పద్ధతి పాటించాను. పడవ ఇంజను పానా తెచ్చి, చేతికందిన బోల్టునల్లా విప్పి, కింద రెండు పూతలు పూసి, ఎండకు ఆరనిచ్చి, ఏ తీగ ఎక్కడ ఉండిందో అక్కడే పెట్టి గట్టిగా బిగించాను. ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను దాచలేదు.

రంగేశాక పది రోజులు బండి బాగానే తిరిగింది. ఆ తర్వాత మొదలైంది రోగం. తాళం తిప్పితే లైటు వెలుగుతుంది. సెల్ఫ్ నొక్కితే లోపల టక్ అని ఒక్క చప్పుడు, అంతే. లైటు కూడా ఆరిపోతుంది. బొటనవేలు తీసేస్తే లైటు మళ్లీ వస్తుంది. కిక్కు కొడదామంటే దాని పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, కాలు జారి కిందికి పోతుంది. మిగిలింది తొయ్యడం ఒక్కటే. తోస్తే మాత్రం స్టార్టయ్యేది, ఆపకపోతే ఎంత దూరమైనా పోయేది.

తప్పెవరిదో నేను వెంటనే తేల్చేశాను. కుళాయి దగ్గర పదిమంది ఆడవాళ్ల ముందు, "ఇదుగో, ఈమె బొటనవేలే బ్యాటరీని చంపేసింది. కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కతాది" అన్నాను. మస్తానయ్య ఆ మాట పట్టుకుని, సోమవారం పాత ఇనుప సామాన్ల వాడు వస్తాడు, ఇచ్చేద్దాం అన్నాడు. సుజాత ఎండుచేపల పెట్టెలు రెండూ కడిగి, అరుగు మీద బోర్లించింది. ఆ బోర్లించిన పెట్టెలు చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

మిగిలింది ఆదివారం ఒక్కటే. కరెంటు పని తెలిసి, అబద్ధం చెప్పని మనిషి మా బంధువుల్లో ఒక్కడే ఉన్నాడు. బిట్రగుంటలో ఉండే మా చెల్లెలు రవణమ్మ మొగుడు, మా మరిది పెంచలయ్య. రైల్వేలో ముప్పై ఏళ్లు కరెంటు పని చేసి రిటైరయ్యాడు. అబద్ధం చెప్పకపోవడమే అతనితో వచ్చిన చిక్కు. రెండేళ్ల కిందట వాళ్లింట్లో నలభై మందికి నేను చేపల పులుసు పెట్టాను, మామిడికాయ ముక్కలు వేసి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక కన్ను మూసి, అందరూ వినేలా "వదినా, పులుపెక్కువైంది" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ గడప తొక్కలేదు.

"అత్తా, నిజంగా పెంచలయ్య మామ ఇంటికి వస్తావా?" అని సుజాత నమ్మలేనట్టు అడిగింది.

"బండి కోసం వస్తన్నా. ఆయన కోసం కాదు. ఆయన ముందుకి బండి ఇంజన్‌తో పోవాల. తోసుకుంటా పోతే నేను గేటు బయటే నిలబడతా."

ట్రాలీ ఆటోలో వేసుకుపోతే పదిహేను వందలు అడిగారు. ఆ డబ్బు పోసి పెంచలయ్య చేత నవ్వించుకోవడం నాకిష్టం లేదు. పొద్దున ఐదున్నరకు బండిని తారు రోడ్డు దాకా నడిపించి, ఒడ్డు మీద నుంచి తాళ్లతో పెద్దవల లాగే మనుషులను నలుగురిని పిలిచాను. ఇసుకలో తోస్తే చక్రం తిరగదు, తారు రోడ్డే కావాలి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

"తొయ్యండ్రా" అన్నాను.

"తొయ్యడం మాకు అలవాటు లేదు పెద్దమ్మా. తాడుంటే చెప్పు, లాగుతాం" అన్నారు.

తాడు తెచ్చి బండి ముందు, హ్యాండిలు మెడకు కట్టారు. ఐలెస్సా అంటూ లాగారు. వల లాగేవాళ్లు వలను చూస్తూ వెనక్కి నడుస్తారు కదా, వీళ్లూ బండి మొహం చూస్తూ వెనక్కి నడిచారు. సుజాత గేరు వేసి క్లచ్చి వదిలింది. బండి ఒక్కసారిగా బతికి వాళ్ల మీదికే ఉరికింది. నలుగురూ తాడు వదిలేసి కాలవ గట్టు అవతలికి దూకారు. తాడు మా వెనక అర కిలోమీటరు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆపి విప్పుదామంటే ఆపకూడదాయె. నేనే వెనక కూర్చుని, ముందుకు వంగి, సుజాత చంక కిందుగా చెయ్యి పోనిచ్చి విప్పాను. నా వయసు వాళ్లు ఈ పని చేయకండి.

రొయ్యల గుంటల మధ్య నుంచి తోటపల్లి గూడూరు చేరేసరికి ఆరున్నర దాటింది. పొద్దున ఆ దారి బాగుంటుంది. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లను చిలుకుతుంటాయి, కొంగలు గట్ల మీద వరుసగా నిలబడి ఉంటాయి. కానీ ఆ దారిలో ఎక్కడా పల్లం లేదు. మా సీమంతా చాపలా పరిచినట్టు ఉంటుంది. బండి ఆగితే దొర్లించుకోవడానికి వాలు కావాలంటే కల్వర్టో వంతెనో రావాలి. నేను దారి పొడుగునా కల్వర్టులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

తోటపల్లి గూడూరులో మెకానిక్ బాషా అప్పుడే కొట్టు ఊడ్చుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. బండి ఆపితేనే చూస్తానన్నాడు. ఆపాం. లైటు వేయించాడు, సెల్ఫ్ నొక్కించాడు. టక్. లైటు ఆరింది.

"బ్యాటరీ ఎప్పటిది పెద్దమ్మా?"

"మొన్న ఉగాదికి కొన్నాం. కొత్తదే."

గడ్డం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూశాడు. "ఎర్త్ అందట్లేదేమో. చూడాల."

"ఎర్త్ అంటే ఏంది?"

"అంటే... భూమి పెద్దమ్మా."

నేను వంగి చూశాను. రెండు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. స్టాండు నేల మీదే ఉంది. "ఏమబ్బా, భూమి అందకుండా ఇది గాల్లో ఉండాదా? నీకేమన్నా కళ్లు అందట్లేదా?"

"అది కాదు పెద్దమ్మా, ఎర్త్ అంటే..."

"పడవ సముద్రం మధ్యలో ఉంటాది. దాని ఇంజనుకి ఏ భూమి అందతాది? అది స్టార్టు కావడంలా? నేల మీద నిలబడ్డ బండికి నేల లేదంటావే!"

బాషా దగ్గర జవాబు ఉండే ఉంటుంది. అది బయటికి రావడానికి నేను సందు ఇవ్వలేదు. సుజాత నా చీర కొంగు లాగుతోంది. "సరే పెద్దమ్మా, మీ ఇష్టం" అని పానా కింద పెట్టేశాడు. తనూ, పక్క టీ కొట్టాయనా కలిసి మమ్మల్ని తోసి పంపించారు. టీ పన్నెండు రూపాయలు. తోసినందుకు ఏమీ తీసుకోలేదు.

నెల్లూరులో ఎనిమిదింటికి ఒక చిన్న హోటల్ ముందు ఆగాం. కారం దోసె తినకుండా నెల్లూరు దాటకూడదని నా నియమం. బండి ఆపకూడదు కాబట్టి వంతులు వేసుకున్నాం. ముందు సుజాత లోపలికి వెళ్లింది, నేను బండి మీద కూర్చుని పట్టు వదలకుండా యాక్సిలేటర్ తిప్పుతూ ఉన్నాను. కొంచెం తగ్గిస్తే ఇంజను ఎక్కిళ్లు పెడుతుంది, కొంచెం ఎక్కువైతే హోటల్ లోపల మాటలు వినపడవు. హోటలాయన గరిటెతో బయటికొచ్చాడు.

"అమ్మా, పొగంతా నా దోసెల్లోకి వస్తా ఉంది. ఆపమ్మా!"

"ఆపితే నువ్వొచ్చి తోస్తావా?"

"నేను తోస్తే పెనం ఎవరు చూస్తారు?"

"అయితే పెనం చూసుకోబ్బా, బండిని నేను చూసుకుంటా."

నా వంతు వచ్చినప్పుడు దోసెలో కారం రెండింతలు వేసి ఇచ్చాడు. పగ తీర్చుకున్నాననుకున్నాడు. నాకు కావలసిందీ అదే. దోసె అరవై రూపాయలు.

ఇంతవరకూ బాగానే ఉంది. మేము మరిచిపోయింది పెట్రోలు. ఊరు దాటకముందే ముల్లు అడుగుకు వచ్చింది. బంకులో ఉన్నతను పైపు చేత్తో పట్టుకుని, "ఇంజన్ ఆపండమ్మా" అన్నాడు.

"ఆపితే మళ్లా ఎక్కదు నాయనా."

"ఆపకపోతే నేను కొట్టను."

"నిన్ను కొట్టమన్నది నన్నా? పెట్రోలే కదా!"

వెనక వరుసలో వాళ్లు నవ్వారు గానీ అతను నవ్వలేదు. నిప్పు దగ్గర తమాషా వద్దమ్మా అన్నాడు. అతను చెప్పింది న్యాయమే కనుక ఆపేశాం. రెండు వందలకు కొట్టించుకుని, బండిని పక్కకు నెట్టి, దిక్కులు చూస్తూ నిలబడ్డాం. అంతలో ఒక ఆటో ఆగింది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న పాస్టరుగారు, వెనక చేతుల్లో పాటల పుస్తకాలతో ముగ్గురు ఆడవాళ్లు. ఆదివారం ఆరాధనకు పోతున్నారు. మా అవస్థ చూసి ఆయన దిగి వచ్చారు.

"అమ్మా, మీకు ప్రార్థన చేయమంటారా, తొయ్యమంటారా?"

"ముందు తొయ్యండి అయ్యగారూ. ప్రార్థన మేము దూరం పోయినాక కూడా చెయ్యొచ్చు."

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఆడవాళ్లు పుస్తకాలు ఆటోలో పెట్టారు. నలుగురూ కలిసి ఒక్క ఊపు ఊపితే బండి లేచింది. నేను వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాను. తెల్ల చొక్కా మీద నూనె మరక పడింది. ఆయన దాన్ని చూసుకుని కూడా చెయ్యి ఊపారు. అలాంటి మనిషి ప్రార్థన నాకు పనికొచ్చిందనే అనుకుంటున్నాను, తర్వాత జరిగింది చూస్తే.

పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా హైవే ఎక్కాం. అక్కడి నుంచి కావలి వైపు దారి నున్నగా ఉంటుంది. లారీలు పక్క నుంచి పోతుంటే గాలికి బండి తూగుతుంది. ఎడమ అంచు వదలకండి. సుజాత వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"అత్తా, నాకొకటి అనిపిస్తా ఉంది. బ్యాటరీ పోతే లైటు అసలే వెలగకూడదు గదా. వెలుగుతా ఉండాది. సెల్ఫ్ నొక్కినప్పుడే ఆరిపోతా ఉండాది."

"నొక్కతావు కాబట్టి ఆరిపోతా ఉండాది."

సుజాత చూపు రోడ్డు మీదే పెట్టి నడిపింది. వెనక కూర్చున్న నాకు ఆమె వీపు ఒక్కటే కనపడుతోంది. కుళాయి దగ్గర పదిమందిలో తలొంచుకున్నప్పటి వీపు. ఆ మాట ఇప్పుడు టైపు చేస్తూ సుజాత ఆగింది. ఆగొద్దు, కొట్టు.

హైవే దిగి బిట్రగుంట వైపు తిరిగాం. పదిన్నరయింది. ఊళ్లోకి పోయే ముందు రైల్వే గేటు వేసి ఉంది. అన్ని బళ్లూ ఆగాయి. ముందున్నవాడు తాళం తిప్పి ఆపాడు, పక్కనున్నవాడు ఆపాడు, వాళ్లను చూసి సుజాత చెయ్యి దానంతట అదే తాళం మీదికి పోయింది. నేను అరిచేలోగా ఇంజను చచ్చిపోయింది.

"అయ్యో అత్తా!" అంది.

"అత్త ఇక్కడే ఉండాది. ఇంజనే పోయింది!"

గూడ్సు బండి తాపీగా పోయింది. అన్ని పెట్టెలున్న గూడ్సును నేను ఇంతవరకూ చూడలేదు. గేటు లేచాక వెనక హారన్లు మొదలయ్యాయి. పట్టాల దగ్గర రోడ్డు ఎత్తు. ఎత్తుకు తోస్తే బండి స్టార్టు కాదు. దిగే పక్క వాలులో ప్రయత్నిద్దామంటే అడ్డంగా ఆటోలు. గేటు దాటించేసరికే మాకు ఊపిరి ఆడలేదు. ఇక చేసేదేమీ లేక, మండే ఎండలో కిలోమీటరు దూరం, పాత రైల్వే కాలనీ పక్కగా, పాత గోడలూ ఖాళీ క్వార్టర్లూ చూస్తూ తోసుకుంటూ పోయాం. ఆ కాలనీ చూడదగ్గదే. చెట్ల నీడ ఉంది, రోడ్లు వెడల్పు. కానీ బండి తోస్తూ చూడకండి.

పెంచలయ్య వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. పేపరు కొంచెం కిందికి దించి మమ్మల్ని చూశాడు.

"ఏం వదినా, బండిని వాకింగ్‌కి తీసుకొచ్చినావా?"

గేటు బయటే నిలబడతానన్న మాట నాకు గుర్తుంది. నిలబడ్డాను కూడా. మా చెల్లెలు రవణమ్మ పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఎండలో ఏందే నీ పట్టు" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. లాగింది కాబట్టి వెళ్లాను. అది వేరే సంగతి.

మజ్జిగ తాగాక సుజాత వంటింట్లో రవణమ్మకు సాయంగా ఉండిపోయింది. పెంచలయ్య ఒక మీటరూ, ఒక లావు తీగా తెచ్చి బండి పక్కన గొంతుకూర్చున్నాడు. నేను పైన నిలబడ్డాను. మీటరు రెండు మొనలూ బ్యాటరీకి ఆనించి, "సెల్ఫ్ నొక్కు వదినా" అన్నాడు. నొక్కాను. టక్.

"బ్యాటరీకి ఏ రోగమూ లేదు. ముల్లు పన్నెండు మీదే నిలబడింది, కిందికి పడలా."

తర్వాత ఒక మొన బ్యాటరీ మైనస్‌కీ, రెండోది ఇంజను ఇనుముకీ ఆనించి మళ్లీ నొక్కమన్నాడు. ఈసారి ముల్లు ఎగిరి పడింది. "ఇదీ దొంగ. ఇక్కడ ముల్లు లేవకూడదు. మధ్యలో ఏదో అడ్డం ఉండాది." లావు తీగ ఒక చివర మైనస్ మీద, ఇంకో చివర రంగు అంటని ఇంజను బోల్టు మీద నొక్కిపట్టాడు. "ఇప్పుడు నొక్కు."

నొక్కాను. గర్ర్‌మని తిరిగి బండి ఒక్క వేటుకు స్టార్టయ్యింది. రెండు వారాల తర్వాత ఆ చప్పుడు. నాకు తెలియకుండానే బండి సీటు నిమిరాను.

"ఎర్త్ లేదు వదినా."

అదే మాట. పొద్దున బాషా అన్న మాట. "పెంచలయ్యా, నేల మీదే కదా..." అని మొదలుపెట్టాను గానీ ఈసారి జవాబు చెప్పడానికి అతనికి సందు ఇచ్చాను.

"ఆ నేల కాదు. కరెంటు బ్యాటరీలో నుంచి బయలుదేరి పోయి పని చేసి, తిరిగి ఇంటికి రావాల. వచ్చే దారి ఈ ఇనుమే. దీన్నే మేము ఎర్త్ అంటాం. ఎవరో ఆ దారికి అడ్డం కట్టినారు. లైటంటే సన్న కరెంటు, బోల్టు మరలో నుంచి ఎట్నో దూరి వస్తాది. సెల్ఫ్ లావు కరెంటు. దూరలేక ఆగిపోతాది."

ఇంజను ఆపి, సీటు కింద ఆ నల్ల తీగ బిగించిన బోల్టు విప్పాడు. తీగ పక్కకు తీశాడు. దాని కింద, ఇనుముకి ఇనుము ఆనుకోవాల్సిన చోట, రెండు పూతల నీలం రంగు. నున్నగా, గుండ్రంగా, రూపాయి బిళ్లంత.

పెంచలయ్య ఆ నీలాన్ని చూశాడు. నన్ను చూశాడు. మా పడవను అతను చూసే ఉన్నాడు.

"ఇది ఎవరు వేసినారు వదినా?"

నేను కొబ్బరిచెట్టు వైపు చూశాను.

అతను నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేకుండా, భుజాలతో నవ్వాడు. "సుజాత బొటనవేలు బ్యాటరీని చంపిందని కుళాయి దగ్గర చెప్పినావంటనే! రవణమ్మకి ఫోనొచ్చింది లే." కళ్లు తుడుచుకుని, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "సరే. నేను ఇది గీకేసి బిగిస్తా. ఈ ఒక్కసారికి అబద్ధమాడి, బోల్టు లూజైందని చెప్తా. ఎవరికీ తెలీదు. నీకూ పరువు దక్కతాది. ఒక్కటి మాత్రం నాకు కావాల."

"ఏంది?"

"ఆ రోజు పులుసులో పులుపెక్కువైందని ఒప్పుకో."

చదివేవాళ్లు నన్ను అర్థం చేసుకోవాలి. అక్కడ నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, తప్పు నాదేనని కోడలి ముందు చెప్పడం. పదిమందిలో దాన్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవడం. ఈ వయసు వరకూ నేను ఏ కోడలి ముందూ, ఏ అత్త ముందూ తప్పు ఒప్పుకున్నదాన్ని కాదు. రెండోది, సులువైనది, ఒక్క మాట. పులుపెక్కువైంది. అది నాకూ ఈయనకూ మధ్యే ఉండిపోతుంది. బండి ఎలాగూ ఇనుప సామాన్ల వాడికి పోదు. సుజాత పెట్టెలు మళ్లీ కట్టుకుంటుంది. కాకపోతే సెల్ఫ్ నొక్కిన ప్రతిసారీ నా మాట గుర్తొచ్చి, మెల్లగా, భయంగా నొక్కుతుంది.

ఆ పులుసులో నేను వేసినవి ఏడు మామిడికాయల ముక్కలు. ఏడే. చింతపండు నిమ్మకాయంత. నలభై ఏళ్లుగా నా చెయ్యి తప్పలేదు.

"సుజాతా!" అని అరిచాను. వంటింట్లో గరిటె కింద పడింది. "ఇట్రా! బండికి తప్పు చేసింది నేను. బోల్టు కింద పడవ రంగు పూసినాను. నీ బొటనవేలుకి ఏ పాపమూ లేదు!"

పెంచలయ్య విప్పిన బోల్టు నేల మీద పెట్టాడు. ఇలా జరుగుతుందని అతను అనుకోలేదు. సుజాత గుమ్మంలో నిలబడి నన్నూ, బండినీ, ఆ నీలం బిళ్లనూ చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. దగ్గరికి వచ్చి వంగి చూసి, "అత్తా, ఇంత నున్నగా పూసినావే!" అంది. నేను, "రెండు పూతలు" అన్నాను. అంతే మేము మాట్లాడుకున్నది.

అక్కడికక్కడే మస్తానయ్యకు ఫోన్ చేయించాను. "పాత ఇనుప సామాన్ల వాణ్ణి రావద్దను. కావాలంటే నా ట్రంకు పెట్టె ఇస్తా, తూకం వేసుకోమను" అన్నాను. బండి ఎట్టా బాగైందమ్మా అని అడిగాడు. ఇంటికి వచ్చి కుళాయి దగ్గర అందరి ముందూ చెప్తాను, నువ్వూ అక్కడికే రా అన్నాను. చెప్పాను కూడా. ఆ మాటే ఊరంతా ఇప్పుడు తలో విధంగా తిప్పి చెబుతోంది.

పెంచలయ్య చాకుతో రంగు గీకి, ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, తీగ చివర కూడా రుద్ది, గట్టిగా బిగించాడు. తర్వాత రవణమ్మ కాళ్లకు రాసుకునే వాజలైన్ డబ్బా అడిగి తెచ్చి, బోల్టు పైన దట్టంగా పూశాడు. "ఉప్పు రాకుండా ఇది చాలు వదినా. పూత పైన ఉండాల, లోపల కాదు." మధ్యాహ్నం భోజనంలో రవణమ్మ చేపల పులుసు పెట్టింది. చప్పగా ఉంది. నేనేమీ అనలేదు. అందరికీ అంత మర్యాద ఉండదు.

మూడింటికి బయలుదేరాం. రైల్వే గేటు మళ్లీ వేసి ఉంది. సుజాత దర్జాగా ఇంజను ఆపింది. గేటు లేచాక ఒక్క నొక్కు. బండి లేచింది. దారిలో టీ తాగిన ప్రతిచోటా అవసరం లేకపోయినా ఆపి, మళ్లీ నొక్కింది. నేను వారించలేదు. కాలింగ్ బెల్లు నొక్కినట్టే నొక్కింది, నొక్కనీ.

ఐదున్నరకు తోటపల్లి గూడూరులో బాషా కొట్టు ముందు ఆపించాను. బండి దిగి, పెంచలయ్యకని తెచ్చి, ఇవ్వకుండా మిగుల్చుకున్న ఎండు నెత్తళ్ల చేపల పొట్లం అతని బల్ల మీద పెట్టాను.

"ఎర్తేనా పెద్దమ్మా?" అన్నాడు.

"ఊఁ."

"భూమి అందిందా?"

"అందింది లేబ్బా. నువ్వు పొద్దున ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండొచ్చు."

అతను నెత్తళ్లు వాసన చూసుకుని నవ్వాడు. సుజాత సెల్ఫ్ నొక్కింది. టీ కొట్టాయన తొయ్యడానికి లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు.

నేను చాలా దూరాలు పోయినదాన్ని కాదు. ఇంట్లో నుంచి బయలుదేరి మళ్లీ ఇంటికి రావడమే నాకు తెలిసిన ప్రయాణం. కరెంటుకూ అదే పని అని ఆ రోజు తెలిసింది. ఉప్పు ఇనుమును తింటుందని భయపడి, దాని ఇంటిదారికి నా చేత్తోనే అడ్డం పూశాను. ప్రేమతోనే పూశాను, రెండు పూతలు. బండి ఇప్పటికీ నీలంగానే ఉంది. పెట్టెలు రెండూ దాని వెనకే ఉన్నాయి. వాటికి కూడా రంగేద్దామా అంటే సుజాత వద్దంది.

ఇక మీకు చెప్పవలసింది ఒక్కటే. లైటు వెలిగి, సెల్ఫ్ నొక్కగానే టక్కుమని లైటు ఆరిపోతే, కొత్త బ్యాటరీకి పరుగెత్తకండి, ఎవరి బొటనవేలినీ తిట్టకండి. ముందు బ్యాటరీ మైనస్ తీగ ఇనుముకు బిగించిన బోల్టు విప్పి చూడండి. రంగో తుప్పో ఉంటే మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజలైన్ పూయండి. బిట్రగుంటకు బండి లేకుండా పోదలచుకుంటే నెల్లూరు నుంచి ప్యాసింజరు రైలుంది, అది మాకంటే ముందే చేరుతుంది. అక్కడ పెంచలయ్య అనే మనిషి కనపడి పులుసు సంగతి ఏమన్నా చెబితే నమ్మవద్దు. పులుపు సరిగ్గానే ఉండింది. సుజాతా, ఈ ముక్క కూడా రాయి.